గుంత పడకముందే: ఊరి తారు రోడ్లను తక్కువ ఖర్చుతో కాపాడుకునే పద్ధతి

రోడ్డు మీద గుంత పడితే అందరికీ కనిపిస్తుంది. ఫిర్యాదులు వస్తాయి, డబ్బు కదులుతుంది, పనివాళ్లు వస్తారు. అదే చోట కొన్నేళ్ల ముందు పెన్సిల్ గీతంత పగులు ఉండేది. అప్పుడు ఎవరూ దాని వైపు చూడలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

కాలనీ సంఘంలోనో, స్థానిక సంస్థలోనో రోడ్ల బాధ్యత మీ మీద ఉంటే ఒక్క మాట గట్టిగా పట్టుకోండి: తక్కువ డబ్బు ఉన్నప్పుడు ముందుగా బాగున్న రోడ్ల మీద పెట్టాలి, పూర్తిగా చెడిపోయినవాటి మీద కాదు. వినడానికి ఇది తలకిందుల లెక్కలా ఉంటుంది. ఎందుకు సరైనదో మూడో అడుగులో లెక్క వేసి చూద్దాం.

రోడ్డు ఎందుకు చస్తుంది

కొత్త తారు నల్లగా, కాస్త సాగే గుణంతో ఉంటుంది. ఎండకు, గాలిలోని ఆక్సిజన్‌కు ఏళ్ల తరబడి గురై అది గట్టిపడుతుంది, బూడిద రంగుకు తిరుగుతుంది. వేడికి వ్యాకోచించి చలికి ముడుచుకునేటప్పుడు సాగలేక పగులుతుంది. పగులు ఒక్కటే రోడ్డును చంపదు. దానిలోంచి దిగే నీరు చంపుతుంది. తారు పొర కింద కంకర బేస్, దాని కింద మట్టి ఉంటాయి. అవి తడిస్తే బరువు మోసే బలం పోతుంది. చక్రం ఎక్కినప్పుడల్లా పైపొర కిందికి వంగుతుంది, అడుగున ఉన్న నీరు సన్నని మట్టిని తీసుకుని పగుల్లోంచి పైకి చిమ్ముతుంది.

వాన వెలిసి రోడ్డు ఆరుతున్నప్పుడు వెళ్లి పగుళ్ల పక్కన చూడండి. పగులుకు రెండు వైపులా సన్నగా బురద చార కనిపిస్తే బేస్ లోపలి పొడి బయటికి వస్తోందని అర్థం. అక్కడ కింద ఖాళీ ఏర్పడుతోంది. తర్వాత మొసలి వీపులాంటి పగుళ్లు వస్తాయి, ఆ తర్వాత ముక్కలు లేస్తాయి, చివరికి గుంత పడుతుంది. చలి దేశాల్లో అదే నీరు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బి పని ఇంకా త్వరగా ముగిస్తుంది.

ఇక బరువు. అమెరికాలోని ఇల్లినాయ్‌లో 1958 నుంచి 1960 వరకు ఆషో రోడ్ టెస్ట్ పేరుతో రోడ్ల మీద లారీలు తిప్పి కొలిచారు. ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని అందులో తేలింది. అంటే ఇరుసు బరువు రెండింతలైతే నష్టం సుమారు 16 రెట్లు. చిన్న వీధిని పాడుచేసేవి కార్లు, బైకులు కావు. చెత్త లారీ, నీళ్ల ట్యాంకర్, ఇసుక లారీ. అవి ఏ వీధిలో, ఏ దారిన తిరగాలో నిర్ణయించడం కూడా రోడ్డు సంరక్షణే. దానికి ఖర్చు ఏమీ ఉండదు.

మొదటి అడుగు: నీటిని దారి మళ్లించండి

తారు డబ్బా తెరవకముందే పార పట్టుకోవాలి. నీరు నిలిచే రోడ్డు మీద ఎంత ఖరీదైన పూత వేసినా డబ్బు వృథా.

రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా ఉండాలి. తారు రోడ్డుకు ఈ వాలు 2 నుంచి 2.5 శాతం. కొలవడం తేలిక. రెండు మీటర్ల తిన్నని పట్టీ ఒక కొసను రోడ్డు మధ్య ఆనించి, దాని మీద రసమట్టం పెట్టి సమతలంగా పట్టుకోండి. రెండో కొస కింద 4 నుంచి 5 సెంటీమీటర్ల సందు ఉండాలి. రెండు సెంటీమీటర్లే ఉంటే అక్కడ నీరు నెమ్మదిగా పోతుంది. సందు అసలు లేకపోతే నీరు నిలుస్తుంది.

తర్వాత అంచులు చూడండి. ఎక్కువ రోడ్లు నడుమ నుంచి కాదు, అంచు నుంచే పాడవుతాయి. దానికి కారణాలు రెండు, ఒకదానికొకటి వ్యతిరేకం.

అంచు వెంట గడ్డి పెరిగి, దుమ్ము పేరుకుని, రోడ్డు కంటే ఎత్తుగా చిన్న గట్టు కడుతుంది. వాన నీరు కాలువలోకి దిగలేక తారు అంచు వెంటే పారుతుంది. ఈ గట్టును చెక్కి తీసేయడం పారతో, తట్టతో అయ్యే పని. ఇన్ని మాటల్లో ఇంతకంటే చవకైన మందు మరొకటి చెప్పలేను.

రెండోది దీనికి తిరగబడింది. అంచు పక్కన మట్టి కొట్టుకుపోయి తారు అంచు గాలిలో నిలబడుతుంది. ఐదు సెంటీమీటర్ల కంటే లోతు దిగితే బండి చక్రం దిగి ఎక్కినప్పుడు అంచు ముక్కలుగా విరుగుతుంది. గ్రావెల్ పోసి, తడిపి, దిమ్మిసతోనో చిన్న రోలర్‌తోనో గట్టిగా కొట్టి, రోడ్డు మట్టానికి తెచ్చి బయటికి 4 శాతం వాలు ఇవ్వండి. ఉత్త మట్టి పోసి వదిలేస్తే తర్వాతి వానకే పోతుంది.

పక్క కాలువ అడుగు, రోడ్డు బేస్ పొర అడుగు కంటే కనీసం 30 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. లేదంటే కాలువలోని నీరే బేస్‌లోకి ఊరుతుంది. కాలువ పొడవునా 10 మీటర్లకు 5 సెంటీమీటర్లైనా దిగుడు ఉండాలి. కల్వర్టు గొట్టాల్లోకి టార్చి వేసి చూడండి, సగం వరకు పూడి ఉంటే వానాకాలానికి ముందే తీయించండి. స్పీడ్ బ్రేకర్ల దగ్గర కూడా ఆగి చూడండి. అంచు నుంచి అంచుకు అడ్డంగా కట్టిన బ్రేకర్ ఎగువన నీటిని చెరువులా ఆపుతుంది. రెండు కొసల్లో నీరు పోయే సందు వదలాలి.

రెండో అడుగు: నడిచి రాసుకోండి

కారులోంచి చూస్తే గుంతలే కనిపిస్తాయి, పగుళ్లు కనిపించవు. నడవాలి. పొద్దున్నే లేదా సాయంత్రం ఎండ వాలుగా పడేటప్పుడు సన్నని పగుళ్లకు నీడ పడి బాగా తెలుస్తాయి. ప్రతి వీధిని ఒక కూడలి నుంచి ఇంకో కూడలి వరకు ఒక ముక్కగా తీసుకుని నోటుబుక్కులో పొడవు, వెడల్పు, చివరిగా తారు వేసిన సంవత్సరం, కనిపించే జబ్బులు రాయండి.

పెద్ద సంస్థలు ఏఎస్‌టీఎం డీ6433 అనే అమెరికా ప్రమాణం ప్రకారం 0 నుంచి 100 వరకు పీసీఐ అనే రోడ్డు స్థితి మార్కు కడతాయి. చిన్న ఊళ్లకు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తయారైన పేసర్ పద్ధతి సరిపోతుంది. అందులో 1 నుంచి 10 వరకు మార్కు, చూపుతోనే వేయాలి. ఏ పద్ధతి వాడినా ఒకే మనిషి అన్ని వీధులూ చూడటం ముఖ్యం. చూసే కళ్లు మారితే మార్కులకు అర్థం ఉండదు.

జబ్బులు చూసేటప్పుడు ఒక్క తేడా మీద దృష్టి పెట్టండి. అది పైపొర జబ్బా, లోపలి జబ్బా? రంగు వెలిసిపోవడం, సన్నటి రాళ్లు ఊడటం, రోడ్డుకు అడ్డంగా లేదా నిలువుగా ఒంటరి పగుళ్లు పైపొరవి. చక్రం దారిలో మొసలి వీపు పగుళ్లు, లోతైన చక్రపు గాళ్లు, రోడ్డు కుంగడం లోపలివి. పైపొర జబ్బుకు పూతలు పనిచేస్తాయి. లోపలి జబ్బు మీద పూత వేస్తే ఏడాది తిరక్కముందే అవే పగుళ్లు అద్దినట్టు పైకి వస్తాయి.

మూడో అడుగు: డబ్బు ఎక్కడ పెట్టాలో లెక్క

మీకు 40 కిలోమీటర్ల రోడ్లు ఉన్నాయనుకోండి. ఏడాది గడిస్తే ప్రతి కిలోమీటరు ఒక సంవత్సరం ఆయుష్షు కోల్పోతుంది. అంటే ఏటా మీ ఊరు 40 కిలోమీటరు-సంవత్సరాలు ఖర్చు చేస్తోంది. మీరు చేసే పనులు కనీసం అంత తిరిగి కలపకపోతే, ఎన్ని ప్రారంభోత్సవాలు జరిగినా ఊరి రోడ్లు మొత్తంగా దిగజారుతున్నట్టే.

మీ డబ్బుతో ఒకటిన్నర కిలోమీటర్లు పూర్తిగా తవ్వి కొత్తగా వేయొచ్చు, దాని ఆయుష్షు 20 ఏళ్లు అనుకుందాం. కలిసింది 30. పోయింది 40. ఏడాది చివరికి 10 తగ్గింది. ఇప్పుడు అదే డబ్బులో అర కిలోమీటరు మాత్రమే కొత్తగా వేసి, మిగిలిన కిలోమీటరు డబ్బుతో బాగున్న రోడ్లకు చిప్ సీల్ (పల్చగా తారు చల్లి, దాని మీద చిప్స్ అనే చిన్న రాళ్లు పరచి నొక్కే పూత) వేయండి. ఒక కిలోమీటరు కొత్త రోడ్డు ధరకు ఆరు కిలోమీటర్ల చిప్ సీల్ వస్తుందని, ఒక్కోదానికి ఆరేళ్లు ఆయుష్షు పెరుగుతుందని లెక్కకోసం తీసుకుంటే 10, 36 కలిపి 46. లోటు పోయి ఆరు మిగిలింది. ఈ నిష్పత్తి చోటును బట్టి మారుతుంది. మీ దగ్గర అందే ధరలు పెట్టి ఇదే లెక్క కట్టండి, ఆ కాగితం పట్టుకుని సమావేశానికి వెళ్లండి. "మా వీధిలో గుంతలుంటే ఆ బాగున్న వీధికి ఎందుకు వేస్తున్నారు?" అని అడిగినవాళ్లకు చూపించేది అదే.

పూర్తిగా చెడిన వీధిని అలా వదిలేయమని కాదు. ప్రమాదం లేకుండా గుంతలు పూడ్చి, నీరు పోయేలా చేసి, వంతు వచ్చేదాకా నిలబెట్టండి. అది ఇప్పటికే చెడిపోయింది, ఇంకో రెండేళ్లు ఆగినా దాన్ని బాగుచేసే ఖర్చు పెద్దగా పెరగదు. బాగున్న రోడ్డు రెండేళ్లు ఆగితే పూతతో పోయే పని తవ్వకందాకా వస్తుంది.

నాలుగో అడుగు: గుంతలు, ప్యాచ్‌లు

పూతకు ముందు ప్యాచ్‌లు అయిపోవాలి. పద్ధతి ఇది.

చెడిన భాగం చుట్టూ, గట్టిగా ఉన్న రోడ్డులోకి 15 నుంచి 30 సెంటీమీటర్లు చొచ్చుకుని చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో సుద్దతో గీయండి. గుండ్రంగా వద్దు. కట్టర్‌తో అంచులు నిలువుగా కోయండి. లోపల వదులుగా ఉన్నదంతా, తడి మట్టితో సహా, గట్టి నేల తగిలేదాకా తీయండి. గడ్డపార నిలువుగా వదిలితే "ఠంగ్" మనాలి, మెత్తగా దిగితే ఇంకా తవ్వాలి. బేస్ పోస్తే 15 సెంటీమీటర్లకు మించని పొరలుగా కొట్టండి. అడుగున, నాలుగు గోడలకు పల్చగా టాక్ కోట్ (కొత్త మిశ్రమం అంటుకోవడానికి వేసే తారు పూత) పూయండి. దానికి వాడే ఎమల్షన్ (నీటితో కలిపి పల్చబరచిన తారు) గోధుమ రంగు నుంచి నల్లగా మారేదాకా ఆగండి.

మిశ్రమం ఎంత కావాలో ముందే తెలిసి ఉండాలి. ఒక చదరపు మీటరు, ఐదు సెంటీమీటర్ల లోతుకు 0.05 ఘనపు మీటర్లు. దట్టించిన తారు మిశ్రమం ఘనపు మీటరుకు సుమారు 2.3 నుంచి 2.4 టన్నులు ఉంటుంది కాబట్టి 115 నుంచి 120 కిలోలు. వదులుగా పోసినప్పుడు కావలసిన మందం కంటే పావు వంతు ఎక్కువ ఉండాలి, అంటే ఐదు సెంటీమీటర్లకు ఆరు, ఆరుంపావు. లోతు ఏడున్నర సెంటీమీటర్లు దాటితే రెండు పొరలు చేయండి. ముందు అంచులు, మూలలు దట్టించి తర్వాత మధ్యకు రండి. పూర్తయ్యాక ప్యాచ్ చుట్టుపక్కల రోడ్డు కంటే 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండాలి, బళ్లు తిరిగి అది సర్దుకుంటుంది. చివరగా నాలుగు అంచుల మీద తారు పట్టీ వేసి మూసేయండి. ప్యాచ్‌లోకి నీరు దూరేది ఆ అతుకులోంచే.

ప్యాచ్ ఊడిపోతే చాలామంది తారు నాసిరకం అంటారు. ఎక్కువసార్లు కారణం చల్లారిన మిశ్రమం. వేడి మిశ్రమం 85 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగాక ఎంత కొట్టినా దగ్గరవదు. లారీ మీద టార్పాలిన్ కప్పకుండా అరపూట తిప్పితే పై పొర రాయిలా గడ్డకట్టి ఉంటుంది. థర్మామీటరు గుచ్చి చూడండి, చల్లారినదాన్ని వెనక్కి పంపండి.

వానల్లో అత్యవసరంగా పూడ్చాల్సి వస్తే మంచి కోల్డ్ మిక్స్ (వేడి చేయకుండానే వాడే తారు మిశ్రమం) వాడండి. అమెరికాలో 1990లలో ఎస్‌హెచ్‌ఆర్‌పీ పేరుతో జరిగిన రోడ్ల పరిశోధనలో రెండు పద్ధతులను నేరుగా పోల్చారు: గుంతలో మిశ్రమం పోసి లారీ టైరుతోనే నొక్కడం, అంచులు కోసి శుభ్రంగా చేయడం. మంచి రకం మిశ్రమం వాడిన చోట మొదటిది రెండోదానికి తీసిపోలేదు. మిశ్రమం నాణ్యత మీద రాజీ పడొద్దని దీని సారం. మట్టీ కంకరా పోసి వెళ్లిపోవచ్చని కాదు.

ఐదో అడుగు: పగుళ్లు మూయడం

సంరక్షణలో అన్నిటికంటే లాభసాటి పని ఇదే. 3 నుంచి 20 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒంటరి పగుళ్లు దీనికి తగినవి. అంతకంటే సన్నవి సీలెంట్‌కు (పగులు నింపే పదార్థానికి) అందవు, వాటిని తర్వాత వేసే పూత మూస్తుంది. మొసలి వీపు పగుళ్లలో సీలెంట్ పోయకండి.

రబ్బరు కలిపిన, వేడి చేసి పోసే సీలెంట్ తీసుకోండి. ఏఎస్‌టీఎం డీ6690 కి సరిపడేది అని అడగండి. పగులు కదిలేది అయితే, అంటే చలికాలంలో వెడల్పై ఎండలో మూసుకునేదైతే, రౌటర్‌తో 12 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు గాడి కోయండి. పైపొర పల్చగా ఉన్న చిన్న వీధుల్లో గాడి కోయకుండా శుభ్రం చేసి పోయడమే మేలు.

శుభ్రం చేయడమే అసలు పని. కంప్రెసర్ గాలితో పగులు లోపలి దుమ్ము, గడ్డి వేర్లు ఊదేయండి. ఆ గాలిలో నీటి తుంపర, నూనె ఉండకూడదు. తెల్ల గుడ్డ పట్టుకుని ఊది చూస్తే తెలుస్తుంది. పగులు తడిగా ఉంటే సీలెంట్ బుడగలు కడుతుంది, అంటుకోదు. వేడి గాలి గొట్టంతో ఆరబెట్టాలి, అది లేకపోతే ఇంకో రోజు ఆగాలి.

సీలెంట్‌ను నూనె జాకెట్ ఉన్న మెల్టర్‌లో (చుట్టూ ఉన్న వేడి నూనెతో కాగే పాత్రలో), తయారీదారు కాగితంలో రాసిన వేడికి, సాధారణంగా 180 నుంచి 200 డిగ్రీల మధ్య, కాచండి. నేరుగా మంట మీద డ్రమ్ము పెట్టి కాస్తే అడుగున మాడి రబ్బరు గుణం పోతుంది. జిగురు గడ్డలా మారినదాన్ని ఎంత పోసినా నెలల్లో పీలికలుగా లేస్తుంది. పగులు అడుగు నుంచి పైకి నింపుతూ రండి. పైన వెడల్పు మొత్తం ఏడున్నర నుంచి పది సెంటీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లకు మించకుండా స్క్వీజీతో లాగండి. మందంగా వదిలితే బళ్ల టైర్లకు అంటుకుని లేస్తుంది, రాత్రి వానలో బైకులు జారతాయి. ట్రాఫిక్ వదిలేముందు సన్న ఇసుక చల్లండి.

12 మిల్లీమీటర్ల గాడి మీటరు పొడవుకు 144 ఘనపు సెంటీమీటర్లు పడుతుంది. పైపట్టీ ఏడున్నర సెంటీమీటర్లు, 2 మిల్లీమీటర్ల మందంతో ఇంకో 150. మొత్తం మీటరుకు సుమారు 350 గ్రాములు. వృథాతో కలిపి 400 లెక్కేసుకుంటే వెయ్యి మీటర్ల పగుళ్లకు 400 కిలోలు.

చల్లగా, పొడిగా ఉన్న కాలం దీనికి మంచిది, అప్పుడు పగులు మధ్యస్థంగా తెరుచుకుని ఉంటుంది. పైన చిప్ సీల్ వేయాలనుకుంటే కొన్ని నెలల ముందే పగుళ్లు మూసి, సీలెంట్ బిగిసే సమయం ఇవ్వండి.

మెల్టర్ దగ్గర పనిచేసేవాళ్లకు చేతులు మూసే చొక్కా, తోలు గ్లౌజులు, ముఖానికి అద్దం తప్పనిసరి. చర్మం మీద వేడి తారు పడితే వెంటనే చల్లటి నీటి ధార కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. అంటుకున్న తారును పీకకూడదు, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆరో అడుగు: ఏ పూత ఎక్కడ

ఫాగ్ సీల్ అంటే నెమ్మదిగా సెట్ అయ్యే ఎమల్షన్‌లో అంతే నీరు కలిపి పల్చగా చల్లడం. బూడిద రంగు తిరిగి, సన్న రాళ్లు ఊడటం మొదలైన రోడ్డుకు సరిపోతుంది. ఎమల్షన్‌లో నీరు పోయాలి, నీటిలో ఎమల్షన్ పోస్తే విరిగిపోతుంది. ముందు చిన్న డబ్బాలో కలిపి చూడండి, గడ్డలు కడితే నీరు మార్చండి. చదరపు మీటరుకు సుమారు 0.45 నుంచి 0.7 లీటరు పడుతుంది. సరైన మోతాదు తేల్చడానికి ఒక లీటరు పల్చని ఎమల్షన్‌ను ఒక చదరపు మీటరు మీద సమంగా పోయండి. రెండు మూడు నిమిషాల్లో ఇంకకపోతే పక్కనే కొత్త చదరంలో తగ్గించి మళ్లీ చూడండి. నున్నగా, తారు తేలి మెరిసే రోడ్డుకు ఇది వేయొద్దు, గాజులా జారుతుంది.

స్లర్రీ సీల్ అంటే సన్న కంకర పొడి, ఎమల్షన్, నీరు, కొద్దిగా సిమెంటు యంత్రంలో కలిపి పల్చగా పరిచే పొర. మధ్యరకం పొడితో చదరపు మీటరుకు సుమారు 5 నుంచి 10 కిలోలు. నున్నగా ఉంటుంది, రాళ్లు ఎగరవు, కాబట్టి ఇళ్ల మధ్య వీధులకు నచ్చుతుంది. కానీ ఆరేదాకా కొన్ని గంటలు వీధి మూయాలి. పాలిమర్ కలిపిన మైక్రోసర్ఫేసింగ్ దాని అన్నలాంటిది, సుమారు గంటలో బళ్లు వదలొచ్చు, లోతు తక్కువ చక్రపు గాళ్లు కూడా నింపుతుంది. రెండూ యంత్రం, తర్ఫీదున్న సిబ్బంది ఉంటేనే పెట్టుకోండి.

ఏడో అడుగు: చిప్ సీల్, జాగ్రత్తగా

చిన్న రోడ్లకు నేను మొదట సూచించేది చిప్ సీల్. నీటిని పూర్తిగా ఆపుతుంది, టైరుకు పట్టు ఇస్తుంది, తేలిక సరంజామాతో అవుతుంది. ఏ తప్పు చేసినా అందరికీ కనిపించేదీ ఇదే.

చిప్స్ ఒకే సైజువి, నలుచదరంగా, కడిగినవి కావాలి. గుప్పెడు తీసుకుని అరచేతుల్లో రుద్దండి. చేతులు తెల్లబడితే ఆ చిప్స్ అంటుకోవు. దుమ్ము ముందు తారును తాగేస్తుంది, రాయి పొడిగానే మిగులుతుంది.

ఎంత చిప్స్ కావాలో పుస్తకం చెప్పినదాని కంటే పలక బాగా చెబుతుంది. ఒక చదరపు మీటరు పలక మీద చిప్స్‌ను ఒక్క వరుసలో, ఒకదానికొకటి తగిలేలా పరచి తూకం వేయండి. 10 మిల్లీమీటర్ల చిప్స్‌కు 10 నుంచి 13 కిలోల మధ్య వస్తుంది. దానికి 5 నుంచి 10 శాతం కలపండి, అంతే. "కాస్త ఎక్కువ వేస్తే మంచిది" అన్నవాళ్ల మాట వినొద్దు. అదనపు రాళ్లు టైరు కింద దొర్లి, అంటుకున్న రాళ్లను కూడా పెకలిస్తాయి, అద్దాలు పగలగొడతాయి.

ఎమల్షన్ చదరపు మీటరుకు సుమారు 1.4 నుంచి 2 లీటర్లు. రోడ్డు పొడిబారి గరుకుగా ఉంటే పై అంకె వైపు, తారు తేలి ఉంటే కింది వైపు. 500 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు అంటే 2,000 చదరపు మీటర్లు. 1.7 లీటర్ల చొప్పున 3,400 లీటర్లు. చిప్స్ 11 కిలోల చొప్పున 22 టన్నులు, పది శాతం కలిపి 24.

స్ప్రేయర్ సరిగా పోస్తోందో లేదో మీటరు కాదు, తూకం చెప్పాలి. 30 సెంటీమీటర్ల చదరపు ట్రేను తూచి దారిలో పెట్టి బండిని దాని మీదుగా పోనివ్వండి. 1.7 లీటర్ల మోతాదుకు ట్రేలో సుమారు 150 గ్రాములు పడాలి. నాజిల్స్ అన్నీ ఒకే కోణంలో ఉండాలి. ఒక్కటి మూసుకున్నా రోడ్డు పొడవునా పులి చారలా గీత పడుతుంది, ఆ గీత మీద రాళ్లు నెలరోజుల్లో ఊడతాయి.

పని జరిగే రోజు రోడ్డు పొడిగా, వేడి 15 డిగ్రీల పైన ఉండాలి, ఇరవైనాలుగు గంటలు వాన సూచన ఉండకూడదు. ముందు చీపురు యంత్రంతో ఊడ్చండి. మొదలయ్యే చోట, ఆగే చోట అడ్డంగా గట్టి కాగితం పరచి దాని మీద నుంచే స్ప్రే మొదలుపెట్టండి, లేకపోతే అతుకు దగ్గర తారు రెండింతలై దిబ్బలా మిగులుతుంది. ఎమల్షన్ పడిన నిమిషంలోపు చిప్స్ పడాలి. గోధుమ రంగులో ఉన్నంతసేపే రాయి దానిలో కూరుకుంటుంది. నల్లబడ్డాక పైన తొక్కలా గడ్డకడుతుంది, అప్పుడు పడిన రాయి పైనే ఉండిపోతుంది. స్ప్రేయర్ ముందుకు పోయి చిప్స్ లారీ వెనకబడితే స్ప్రేయర్‌ను ఆపించండి. వెంటనే టైర్ రోలర్‌తో కనీసం మూడుసార్లు, గంటకు 8 కిలోమీటర్లు మించకుండా తిప్పాలి. ఉక్కు రోలర్ గట్టు మీది రాళ్లను నలిపేస్తుంది, పల్లంలోని రాళ్లను తాకదు.

ఇప్పుడు ఒక్క రాయిని వేళ్లతో పీకి ఎండలో పట్టుకోండి. ఎమల్షన్ దాని ఎత్తులో మూడింట రెండు వంతుల దాకా అంటి ఉండాలి. అందులో మూడో వంతుకు దగ్గరగా నీరే కాబట్టి ఆరాక తారు సగానికి దిగుతుంది. తర్వాత వారాల్లో బళ్లు నొక్కి రాయిని 70 శాతం దాకా కూరుస్తాయి. మొదట్లోనే నిండా మునిగి ఉంటే రేపు ఎండలకు తారు తేలి మెరుస్తుంది. పావు వంతే అంటితే రాళ్లు ఊడతాయి. వెంటనే మోతాదు మార్చండి, రోడ్డు పూర్తయ్యాక మార్చలేరు.

బళ్లను మొదటి రోజు గంటకు 30 కిలోమీటర్లు దాటనివ్వొద్దు. మర్నాడు పొద్దున, ఎండ ఎక్కకముందే, వదులు రాళ్లను తేలిగ్గా ఊడ్చేయండి. వేసవిలో ఎక్కడైనా తారు తేలితే పొడి ఇసుక చల్లి నొక్కించండి.

ఎనిమిదో అడుగు: వేసిన రోడ్డును తవ్వనీయకండి

పూత వేసేముందు ఆరు నెలల నుంచే నీటి గొట్టాలు, డ్రైనేజీ, కేబుళ్ల వాళ్లను లిఖితంగా అడగండి: ఈ వీధిలో తవ్వకం ఉందా? ఉంటే ముందు అది. తప్పక తవ్వాల్సివస్తే కందకాన్ని 15 సెంటీమీటర్ల పొరలుగా దట్టించి పూడ్చాలి. పైపొరను కందకం గోడల కంటే రెండు వైపులా 15 నుంచి 30 సెంటీమీటర్లు వెడల్పుగా కోసి ప్యాచ్ వేయాలి. ఇది అనుమతి కాగితంలోనే రాయండి, డిపాజిట్ కట్టించుకుని, ఒక వానాకాలం గడిచాక చూసి తిరిగివ్వండి.

ఇక ప్రతి పనికీ తేదీ, వీధి పేరు, పదార్థం, చదరపు మీటరుకు మోతాదు, ఆ రోజు వేడి, ఎవరు చేశారు అని ఒక పుటలో రాసుకోండి. మొదటి పెద్ద వాన పడిన రోజు గొడుగు వేసుకుని ఆ వీధిలో నడవండి. నీరు ఎక్కడ ఆగిందో సుద్దతో గీయండి. ఆరాక ఆ గీత పోతుంది కాబట్టి ఫొటో తీసుకోండి. వచ్చే ఏడాది పని ఆ ఫొటోల నుంచి మొదలుపెట్టండి.